రెండో పక్క మనిషి

జులై 9

మామయ్యగారికి,

నమస్కారాలు. ఏ ఇబ్బందీ లేకుండా చేరాను. ఫోన్‌లో నా గొంతు మీకు దోమ గీపెట్టినట్టు వినిపిస్తుందని, ఏదైనా ఉంటే ఉత్తరం రాయమని బయల్దేరేటప్పుడు అన్నారు కదా. అత్తయ్యకేమో ఫోన్ చెవిలో పెడితే ఉన్న మాట కూడా పోతుంది. అందుకని మీ అబ్బాయితో ఆదివారం ఫోన్, మీతో ఉత్తరాలు.

గదిలో ముగ్గురం. మంచాల మధ్య పక్కకు తిరిగి నడవాలి. పక్క మంచం పిల్లకు పాతికేళ్లు లేవు. మొదటిరోజు నన్ను అక్కా అంది, రెండోరోజు ఆంటీ అంది. ఈ వారం గడిచేసరికి పేషెంట్లలో కలిపేస్తుందేమో.

ఇన్నేళ్లు నర్సుగా చేశాను, పెద్దవాళ్లను చూసుకోవడంలో కొత్తగా నేర్చుకునేదేముంటుంది అనుకున్నాను. మొదటి క్లాసులోనే మా అందరి కళ్లకూ వాసెలిన్ పూసిన అద్దాలు పెట్టారు. చెవుల్లో దూది, బూట్లలో గులకరాళ్లు, చేతులకు మందపాటి తొడుగులు. ఆ వేషంలో అట్టలోంచి రెండు మాత్రలు తీసి మింగమన్నారు. నావి రెండూ బల్ల కిందికి దొర్లాయి. వంగి వెతుక్కుంటుంటే మా టీచరు, "మెల్లిగా, మెల్లిగా" అంది. ఆవిడ ప్రతిదానికీ అదే అంటుంది. అందుకని మేం ఆవిడకు మెల్లిగా మేడమ్ అని పేరు పెట్టుకున్నాం.

నియమాలు గట్టివే. ఆర్నెల్లలో సెలవులు పది రోజులు దాటితే పేరు కొట్టేస్తారు. మళ్లీ చేరాలంటే రెండేళ్లు ఆగాలి. మా ఆసుపత్రిలో వృద్ధుల వార్డు తెరవాలంటే ఈ చదువు చదివిన నర్సు ఒక్కరైనా ఉండాలన్న సంగతి మీకు తెలుసు. ఆ గదిలో ఇప్పుడు విరిగిన కుర్చీలు పోగేశారు. నేను ఇది పూర్తి చెయ్యకపోతే కుర్చీలే అక్కడ సుఖంగా ఉంటాయి.

ఇంకో మాట. మాలో ఒక్కొక్కరం ఇంట్లో ఉన్న ఒక పెద్దమనిషి సంగతులు చివరిదాకా రాసుకోవాలి. నేను అత్తయ్య పేరు ఇచ్చాను. ఆవిడ తిండి, నిద్ర, ఒంటి మీద ఎక్కడైనా ఎర్రబడటం, ఇవి రాస్తూ ఉండండి. రెండు గంటలకోసారి పక్క మార్చడం మరవద్దు. మీ అబ్బాయివి సాయంత్రం డ్యూటీలు కాబట్టి పగలంతా ఇంట్లోనే ఉంటారు. మీరొక పక్క, ఆయనొక పక్క. ఆ ధైర్యంతోనే ఇక్కడ కూర్చున్నాను.

మీ కోడలు


జులై 18

అమ్మాయికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. మీ అత్తయ్యకు బిగ్గరగా చదివి వినిపించాను. గులకరాళ్ల సంగతి విని, "డెబ్భై వస్తే అవి ఊరికే వేస్తారు. దానికోసం అంత దూరం పోవాలా" అంది. పక్షవాతం తర్వాత ఆమె మాట ఎంత నిదానమో నీకు తెలుసు. ఆ మాట పూర్తయ్యేసరికి నా టీ చల్లారింది. అయినా పూర్తి చేసే వదిలింది.

అడిగినవి రాస్తున్నాను. పొద్దున పాలల్లో నానబెట్టిన రొట్టె తింటోంది. మధ్యాహ్నం తిండి సగం. నిద్ర ముక్కలు ముక్కలు. కుడి చెయ్యి, కుడి కాలు నువ్వు చూసి వెళ్లినట్టే ఉన్నాయి. ఒంటి మీద ఎక్కడా ఎరుపు లేదు.

ఉత్తరంలో ఆమె పేరు ఇచ్చానన్నావు. ఎందుకిచ్చావో చెప్తే, "మార్కులు బాగా వస్తే సగం నావి" అని రాయమంది.

మావాడు మీ మంచం నిండా బట్టలు పోసి కింద పడుకుంటున్నాడు. తిప్పేటప్పుడు వాళ్లమ్మతో, "నేను రేవులో క్రేన్‌తో ఎత్తే సరుకంతా నోరు మూసుకుని ఉంటుంది, నువ్వొక్కదానివే తిడతావు" అంటాడు. ఆమె తిడుతుంది. అలా గడుస్తోంది.

మోటార్ల పని కొంచెం తగ్గింది. ఒక మిక్సీ, రెండు ఫ్యాన్లు వైండింగ్‌కి వచ్చాయి. ఇంతే సంగతులు.

మీ మామయ్య


ఆగస్టు 2

మామయ్యగారికి,

నమస్కారాలు. ఈ వారం నేర్చుకున్నది మీకు వెంటనే పనికొస్తుంది. అత్తయ్యను తిప్పేటప్పుడు చంకల కింద చేతులు వేసి లాగుతున్నాం కదా, అది ఆపెయ్యండి. ముసలి చర్మం తడి కాగితం లాంటిది, లాగితే చిరుగుతుంది. ఒక దుప్పటి మడిచి, భుజాల దగ్గర్నుంచి తొడల దాకా వచ్చేటట్టు కింద పరచండి. ఆ పక్కన ఒకరు, ఈ పక్కన ఒకరు నిలబడి అంచులు చుట్టి పట్టుకుని, ఇద్దరూ ఒకేసారి ఎత్తాలి. లాగకూడదు. మేడమ్ మా చేత ఈ ఒక్క పనీ వారమంతా చేయించింది. మంచం మీద మమ్మల్నే పడుకోబెట్టి తిప్పించింది. నా వంతు వచ్చినప్పుడు పక్క మంచం పిల్ల, "ఆంటీ, మీరు చదువుకంటే బరువుగా ఉన్నారు" అంది.

వార్డులో నాకు ఒక పెద్దావిడను అప్పగించారు. స్కూల్లో లెక్కలు చెప్పేదట. "అమ్మమ్మా, ఎలా ఉన్నారు" అన్నాను. "పెళ్లే చేసుకోని దాన్ని. నిన్ను ఏ దారిన కన్నానమ్మా?" అంది. అప్పట్నుంచి టీచరు గారూ అంటున్నాను. అప్పుడుగాని నాడి చూడనివ్వలేదు.

పొద్దున్నుంచి నిలబడి నిలబడి, గదికొచ్చేసరికి అలసటకి అన్నం కూడా బరువనిపిస్తుంది. మీకూ అలాగే ఉంటుందేమో. ఆయన్ని కాస్త ఎక్కువ పని చెయ్యనివ్వండి.

మీ కోడలు


ఆగస్టు 20

అమ్మాయికి ఆశీస్సులు.

దుప్పటి పద్ధతి బాగుంది. పాటిస్తున్నాను. మంచం గోడను ఆనుకుని ఉండటం వల్ల రెండు పక్కలా నిలబడటం కుదరలేదు. అందుకని ముందు గదిలోకి, అంటే షాపులోకి మార్చాను. అక్కడ గాలీ వెలుతురూ ఎక్కువ. వీధిలో పోయేవాళ్లు కనిపిస్తారు. మీ అత్తయ్యకు పొద్దు పోతోంది. ఎదురింటి టైలరమ్మ మిషన్ మీద కుడుతూ అక్కణ్ణుంచే పలకరిస్తుంది. నిన్న, "పిన్నిగారూ, షాపుకి ఓనరు మీరేనా ఇక?" అంది. "ఓనర్ని కాదు, రిపేరుకొచ్చాను" అని మీ అత్తయ్య జవాబు.

తిండి అదే. నిద్ర అదే. ఎరుపు లేదు.

మావాడికి పని ఎక్కువైంది. ఆదివారం నీతో మాట్లాడుతున్నాడు కాబట్టి నేను వేరే రాయనక్కర్లేదు.

నా గురించి అడిగావు. బాగానే ఉన్నాను.

మీ మామయ్య


సెప్టెంబర్ 4

మామయ్యగారికి,

నమస్కారాలు. ఆలస్యానికి ఏమీ అనుకోవద్దు. జ్వరంతో పడుకున్నాను. ఆరు రోజుల సెలవు దానికే ఖర్చయిపోయింది. ఇక నాలుగే ఉన్నాయి. ఇంటికి రానూ పోనూ ప్రయాణమే మూడు రోజులు. కాబట్టి మధ్యలో వచ్చి చూసి పోదామనుకున్నది కుదరదు.

జ్వరంలో పక్క మంచం పిల్ల నాకు గంజి తాగించింది. పక్కన కూర్చుని, నా కళ్లలోకి చూస్తూ, మింగానో లేదో కనిపెట్టి మరీ రెండో చెంచా ఇచ్చింది. చదువు వంటబట్టిందే నీకు అన్నాను. "ఊరుకోండి, మీ మీదే ప్రాక్టీసు" అంది.

అత్తయ్య సంగతులు క్లాసులో చెప్పాను. ఇంట్లో ఇద్దరు మగవాళ్లు దుప్పటి పట్టుకుని తిప్పుతున్నారంటే అందరూ ముక్కున వేలేసుకున్నారు. మేడమ్ కూడా మెచ్చుకుంది. నాకైతే కాస్త గర్వంగానే ఉంది. తొడల వెనక, చంకల కింద కూడా చూస్తున్నారా? మేడమ్ అడగమంది.

ఆయన ఫోన్‌లో ఎప్పుడూ తొందరలోనే ఉంటున్నారు. వెనక ఏవేవో చప్పుళ్లు. ఇంట్లో అంత సందడేమిటి?

మీ కోడలు


సెప్టెంబర్ 13

అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు అడిగిన తర్వాత చూశాను. కుడి తొడ వెనక ఎర్రటి గీత ఉంది. కుడి చంక కింద కూడా కొద్దిగా. వేలితో నొక్కితే తెల్లబడటం లేదు. మీ అత్తయ్యకు ఆ పక్క స్పర్శ తక్కువ కాబట్టి నొప్పి చెప్పలేదు. కొబ్బరి నూనె రాశాను.

జ్వరం తగ్గినందుకు సంతోషం. ఆ పిల్లకు నా ఆశీస్సులు చెప్పు.

షాపు వీధి మీద ఉంది కదా, చప్పుళ్లు ఉంటాయి.

మీ మామయ్య


సెప్టెంబర్ 22

మామయ్యగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం మేడమ్‌కు చూపించాను. ఆవిడ రెండుసార్లు చదివింది. పడుకుని ఉండే మనిషికి నడుము దగ్గర, మడమల దగ్గర ఎర్రబడుతుందట. తొడ వెనక అడ్డంగా గీత పడిందంటే ఏదో అంచు ఒత్తుకుంటోందని అర్థమట. ఎక్కువసేపు చెక్క కుర్చీలో కూర్చోబెడుతున్నారా? షాపులో ఉన్న ఆ ఎత్తు స్టూలు మీద కాదు కదా? తిప్పడం బద్ధకించి కూర్చోబెట్టేయడం చాలా ఇళ్లల్లో జరుగుతుందని మేడమ్ అంది. మీరు అలా చేస్తారని కాదు. ఆయనే చేస్తున్నారేమో. ఆయన్ని కొంచెం మందలించండి.

నొక్కితే తెల్లబడలేదన్నారు. అది మంచి గుర్తు కాదు. నూనె రుద్దవద్దు. అక్కడ అసలు ఏదీ తగలకుండా చూడండి. ఇంకో వారం ఇలాగే ఉంటే పుండు పడుతుంది. ఆ పుండ్లు మానడం ఎంత కష్టమో ఇక్కడ రోజూ చూస్తున్నాను.

తొందరలో రాస్తున్నాను. కోపంగా అనిపిస్తే క్షమించండి.

మీ కోడలు


అక్టోబర్ 1

అమ్మాయికి,

కుర్చీలో కూర్చోబెట్టడం లేదు. స్టూలు మీద కూడా కాదు. ఈ ఇంట్లో ఎవరూ బద్ధకించడం లేదు. ఇకనుంచి గంటకోసారి తిప్పుతాను.

నూనె మానేశాను.

నీ ఉత్తరం మీ అత్తయ్యకు చదవలేదు. ఏం రాసిందని అడిగింది. కులాసాగా ఉందని చెప్పాను. నా ముఖం చూసి, "ఉత్తరం కులాసాగా ఉంటే చదివేవాడివే" అంది. ఇంకో మాట కూడా అంది. అది నీకు రాయనన్నాను. "రాయవు, తెలుసు. నీకు నోరూ చెయ్యీ రెండూ పిసినారివే" అంది.

మామయ్య


అక్టోబర్ 9

మామయ్యగారికి,

నమస్కారాలు. ఈసారి ఉత్తరంలో ఆశీస్సులు కూడా లేవు. మీ అక్షరాలు కిందికి జారిపోతున్నాయి. కాయిల్ చుట్టినట్టు ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టుండే మీ రాత అది కాదు. నా మీద కోపంతో రాశారా?

మీరు బాధపడతారని తెలిసీ రాశాను. అంతకన్నా ఎలా రాయాలో తెలియలేదు. ఇక్కడ రోజంతా వేరేవాళ్ల ఇళ్ల ముసలివాళ్లకు వెన్ను తుడిచి, మాటలు చెప్పి, గదికి వచ్చేసరికి మన ఇంటి మనిషితో మాట్లాడే ఓపిక ఉండటం లేదు.

ఆదివారం ఆయన్ని గట్టిగా అడిగాను. అమ్మకు ఎలా ఉంది అంటే బాగుంది అన్నారు. తొడ వెనక గీత తగ్గిందా అంటే, ఏ గీత అన్నారు. రోజూ దుప్పటి పట్టుకునే మనిషికి తెలియదా? నాన్నగారిని అడుగు అన్నారు. మీరూ ఆయనా మాట్లాడుకోవడం మానేశారా? తండ్రీకొడుకులు పోట్లాడుకుంటే మధ్యలో నలిగేది మంచం మీద మనిషే.

నిజం చెప్పండి. పుండు పడిందా? రమ్మంటే వచ్చేస్తాను. చదువు పోతే పోనివ్వండి. ఒక్క మాట రాయండి చాలు.

మీ కోడలు


అక్టోబర్ 14

అమ్మాయికి ఆశీస్సులు.

రావద్దు. ఇక్కడ నీ అవసరం లేదు.

మేం పోట్లాడుకోలేదు.

మామయ్య


అక్టోబర్ 21

మామయ్యగారికి,

నమస్కారాలు.

అవసరం లేదన్నారు. ఇన్నేళ్లలో మీరు నన్ను పరాయిదానిలా చూడటం ఇదే మొదటిసారి అనుకుని ఏడ్చాను కూడా. ఏడ్చి, ఆదివారం దాకా ఆగకుండా ఆయనకు ఫోన్ చేశాను. వెనక స్టీమరు కూత వినిపించింది. మన ఊళ్లో రేవు నుంచి ఇంటికి అంత కూత వినిపించదు.

చెప్పేశారు. ఆగస్టు మొదట్లోనే కంపెనీవాళ్లు ఆయన్ని వేరే రేవుకి వేశారట. కాదంటే ఉద్యోగం ఉండదన్నారట. నాకు తెలిస్తే చదువు మానేసి వస్తానని, చెప్పవద్దని మీరే అన్నారట. "నాన్న ఎవర్నో పెట్టుకుంటానన్నాడు" అన్నారు.

ఎవర్ని పెట్టుకున్నారు? దుప్పటి పద్ధతి రాసిన ఉత్తరం మీకు చేరేనాటికే ఇంట్లో ఇద్దరు లేరు. మరి ఇన్నాళ్లూ రెండో పక్క నిలబడిన మనిషి ఎవరు? క్లాసులో అందరి ముందూ ఇద్దరు మగవాళ్లు అని గొప్పలు చెప్పుకున్నాను. నా సిగ్గు సంగతి పోనివ్వండి. ఇద్దరు చెయ్యాల్సిన పని ఒక్కరి చేతికిచ్చి, ఎరుపు వస్తే ఆ మనిషినే తప్పుపట్టాను.

పెట్టె సర్దుకున్నాను. మీ జవాబు కోసం వచ్చే వారం దాకా ఆగుతాను. ఈసారి రెండు ముక్కలు రాస్తే మూడో ముక్కకు గుమ్మంలో ఉంటాను.

మీ కోడలు


అక్టోబర్ 26

అమ్మాయికి ఆశీస్సులు.

ఈ ఉత్తరం ఎడమచేత్తో రాస్తున్నాను. చదవడం కష్టమైతే ఓపిక పట్టు.

మావాడు వెళ్లాక ఒకామెను పెట్టాను. రెండో రోజు మీ అత్తయ్య ఆమెను, "అలా ఎత్తకు, నేను బిందెను కాదు" అంది. మూడో రోజు ఆమె రాలేదు. టైలరమ్మ వస్తానంది. వద్దన్నాను. ఆమెకు బట్టల పని ఉంటుంది. ఇంకొకరి ముందు మీ అత్తయ్య ఒళ్లు బయటపెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. ఆమెను అడగలేదు. నా ఇష్టమే చూసుకున్నాను.

అప్పుడు నీ దుప్పటి ఉత్తరం వచ్చింది. రెండో పక్క మనిషి లేడు. షాపులో దూలానికి పెద్ద మోటార్లు ఎత్తే చైన్ పుల్లీ ఉంది కదా. మంచం దాని కిందికి జరిపాను. దుప్పటి నాలుగు మూలలకూ తాళ్లు కట్టి కొక్కేనికి తగిలించాను. గొలుసు లాగితే ఆమె జానెడు పైకి లేచేది. కింద పరుపు సర్ది, తిప్పి, మెల్లిగా దించేవాణ్ణి. లాగకుండా ఎత్తాలన్నావు. లాగలేదు. నీ మాట తప్పానని అనుకోలేదు. టన్ను బరువు ఎత్తే గొలుసు, తెగదని నాకు తెలుసు. మీ అత్తయ్య మొదటిసారి, "కాయిల్ మారుస్తావా, బేరింగులు కూడా చూస్తావా" అంది. తర్వాత అలవాటు పడింది.

పైకి లేచినప్పుడు దుప్పటి ముడుచుకుపోయి, ఆమె బరువంతా తొడల వెనక, చంకల కింద పడుతోందని నాకు తట్టలేదు. మోటారుకు చర్మం ఉండదు. గీతలు చూశాక కూడా అది కుర్చీ కాదు కదా, నా తప్పు లేదు అనుకున్నాను. నీ మాటకు రోషపడి గంటకోసారి ఎత్తడం మొదలుపెట్టాను. దానివల్ల ఎక్కువైంది. కుడి తొడ వెనక చర్మం లేచింది. రూపాయి బిళ్లంత.

సోమవారం పొద్దున ఆమెను పైకి లేపాను. దించడానికి గొలుసు పట్టుకుంటే కుడి భుజంలో పటుక్కుమంది. చెయ్యి పైకి రాలేదు. ఎడమచేత్తో లాగబోతే గొలుసు పక్కకు పోయి బిగుసుకుంది. ఆమె అలాగే వేలాడుతోంది. "పిలువు" అంది. ఆ రోజు నీకు రాయనన్న మాటా ఇదే. నేను పిలవలేదు. ఇంకోసారి ప్రయత్నిస్తానన్నాను. ఆమె నా ముఖం చూసి, ఎడమచెయ్యి చాపి బల్ల మీద ఉన్న వార్నిష్ డబ్బాను తోసేసింది. ఆ చప్పుడుకు టైలరమ్మ వీధి దాటి వచ్చింది. నేను చెప్పినట్టు గొలుసు సరిచేసి దించింది. దించాక నా వైపు తిరిగి, "బాబాయ్, మీ గుమ్మంలోకి రమ్మనడానికి డబ్బా పడాలా?" అంది. మీ అత్తయ్య, "డబ్బాకైనా నోరుంది" అంది.

భుజంలో నరం తెగిందని డాక్టరు చెప్పాడు. చెయ్యి కట్టారు. పూట పూటకూ టైలరమ్మ, ఆమె ఆడపడుచు వచ్చి తిప్పుతున్నారు. నీ దుప్పటి పద్ధతిలోనే. పుల్లీ విప్పించేశాను.

అవసరం లేదని రాసింది నిన్ను రానివ్వకూడదని. దానికి వేరే అర్థం లేదు. నువ్వు చదువు మానేసి వస్తే ఇదంతా ఎందుకు చేసినట్టు? రావద్దని ఇప్పుడూ అంటున్నాను.

మీ మామయ్య


అక్టోబర్ 31

మామయ్యగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం వార్డులో, టీచరు గారి మంచం దగ్గర చదివాను. ఏమైందని ఆవిడ అడిగితే చెప్పాను. "మా నాన్న అయితే నాకోసం స్టూలు కూడా జరపలేదు" అంది ఆవిడ.

మేడమ్‌కు చదివి వినిపించాను. ఆవిడ నవ్వలేదు. ఇక్కడ వార్డులో అలాంటి యంత్రమే ఉందట, దానికి మెత్తటి వెడల్పాటి జోలె ఉంటుంది, కాళ్ల కింద విడివిడిగా మెత్తలు ఉంటాయి. దాన్ని కూడా ఒక్కరు ముట్టుకోకూడదు, ఇద్దరుండాలి. దాని గురించి పాఠం వచ్చే నెల. వచ్చే నెల పాఠం మీకు జులైలో చెప్పవలసింది. ఎవరి లోపమో నాకు తెలియదు.

పెట్టె విప్పేశాను. కానీ ఇలా సాగదు. టైలరమ్మ ఎన్నాళ్లని వస్తుంది? మేడమ్ ఒక దారి చెప్పింది. మా శిక్షణ వార్డులో ఇలాంటి పుండ్లున్న పెద్దవాళ్లను చేర్చుకుంటారు. ఒక మంచం ఖాళీ ఉంది. అత్తయ్యను నా పరీక్షలయ్యేదాకా ఇక్కడ ఉంచుదాం. పుండు మానుతుంది, మీ భుజమూ కుదుటపడుతుంది. నేను కూడా చదువు మానక్కర్లేదు. మంచం వచ్చే వారం శుక్రవారం దాకా ఆపుతామన్నారు. ఒప్పుకోకపోతే నేను రావడం తప్ప వేరే దారి లేదు. బెదిరింపు కాదు. నాకు ఇంకేమీ తోచడం లేదు.

మీ కోడలు


నవంబర్ 5

అమ్మాయికి ఆశీస్సులు.

ఉత్తరం చదివి మొదట ఒప్పుకోలేదు. పెళ్లాన్ని ఊరి బయటికి పంపి ఇంట్లో కూర్చున్నాడని నలుగురూ అనరా అన్నాను. టైలరమ్మ, "ఆ నలుగురిలో ఒకరైనా వచ్చి దుప్పటి పట్టుకున్నారా బాబాయ్?" అంది. అయినా ఒప్పుకోలేదు.

మీ అత్తయ్య అంతా విని, నన్ను దగ్గరికి పిలిచింది. "నేను పోతాను" అంది. నీకు అక్కడ తెలిసినవాళ్లు ఎవరూ ఉండరన్నాను. కోడలుందిగా అంది. నేను సరిగ్గా చూసుకోలేదనా అని అడిగాను. ఆమె కొంతసేపు మాట కోసం వెతుక్కుంది. తర్వాత, "నువ్వు చూసుకుంటుంటే నేను పడుకునే నిన్ను చూసుకోవాల్సి వస్తోంది. నాకు ఓపిక లేదు" అంది.

మావాడికి కబురు పెట్టాను. నాలుగు రోజుల సెలవుతో వస్తున్నాడు. వ్యాన్ మాట్లాడాడు. గురువారం అక్కడ ఉంటారు. ఈ చెయ్యితో నన్ను ప్రయాణం చెయ్యవద్దని డాక్టరు అన్నాడు.

మీ మామయ్య


నవంబర్ 19

మామయ్యగారికి,

నమస్కారాలు. అత్తయ్య బాగున్నారు. పుండు అంచుల్లో కొత్త చర్మం వస్తోంది. మెల్లిగానే వస్తుంది, మేడమ్ పేరుకు తగ్గట్టు.

ఒక విచిత్రం. సొంత మనిషికి సేవ చెయ్యకూడదని ఇక్కడ నియమం. అత్తయ్యను తిప్పేది పక్క మంచం పిల్ల, ఇంకో అమ్మాయి. నేను పక్కనుంచి ట్రే పట్టుకుని పోవడమే. మొదటిరోజు అత్తయ్య, "ఇంత దూరం వచ్చింది కోడలి చేత చేయించుకోవడానికి కాదా?" అని అలిగారు. రెండో రోజుకి ఆ పిల్లతో జత కట్టేశారు. ఆ పిల్లేమో నన్ను మానేసి ఇప్పుడు ఆవిడనే అక్కా అంటోంది.

టీచరు గారి మంచం పక్కనే ఈవిడ మంచం. ఇద్దరికీ కిటికీ దగ్గర ఎడతెగని పోరు. ఒకరు తెరవమంటే ఒకరు మూయమంటారు. ఎవరు ముందు నిద్రపోతే రెండోవారు గెలిచినట్టు. అందుకని ఇద్దరూ పగలు కళ్లు మూయడం లేదు.

మీ కోసం ఒక కుర్చీ అడిగి ఉంచాను. ఇంటికి తీసుకెళ్లే ముందు ఇంట్లోవాళ్లు వచ్చి, పక్కనుండి అన్నీ చూసి వెళ్లాలని మేడమ్ అంది. భుజం కట్టు విప్పారని ఆయన చెప్పారు. వచ్చే ఆదివారం రండి. అత్తయ్య పైకి అడగరు. తలుపు చప్పుడైనప్పుడల్లా చూస్తున్నారు.

పరీక్షలు వచ్చే నెల పద్నాలుగున మొదలు. చదవాల్సింది కొండంత ఉంది. అయినా చదవగలుగుతున్నాను.

మీ కోడలు


నవంబర్ 25

అమ్మాయికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. పుండు మానుతున్నందుకు సంతోషం. కిటికీ విషయంలో మీ అత్తయ్య పక్షమే నేను. ఆమెకు గాలి ఉండాలి. ఆ సంగతి నువ్వు చెప్పినట్టు కాకుండా ఎవరి చేతైనా చెప్పించు.

కట్టు విప్పారు. చెయ్యి భుజం దాకా లేస్తోంది. షాపు ఇంకా తెరవలేదు. టైలరమ్మ పొద్దున కాస్త టిఫిను పంపుతోంది. వద్దనడం మానేశాను. మొన్న గిన్నె తిరిగివ్వడానికి వాళ్లింటికి వెళ్లాను. అక్కడే కూర్చుని టీ తాగాను. ఆమె మిషన్ మోటారు చప్పుడు చేస్తుంటే విని, బ్రష్ అరిగిందని చెప్పాను. వాళ్లింటి లోపలికి వెళ్లడం అదే మొదలు.

వ్యాన్ వెళ్లిన రోజు వీధి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. లోపలికి వచ్చి, ఆమె మంచం మీదే కాసేపు నడుము వాల్చాను. లేచేసరికి మరునాడు మధ్యాహ్నం. మావాడు అక్కణ్ణుంచి ఫోన్ చేశాడట, టైలరమ్మ తలుపు కొట్టిందట, ఏదీ తెలియలేదు. లేచాక ముఖం కడుక్కుని మళ్లీ పడుకున్నాను. ఆ వారమంతా అంతే. ఆమె లేని ఇంట్లో అంత నిద్ర ఎలా పట్టిందో నాకు తెలియదు. సిగ్గుగానే ఉంది. టైలరమ్మతో కూడా చెప్పలేదు.

ఈ ఆదివారం రమ్మన్నావు. ఈ ఆదివారం కాదు. వచ్చే ఆదివారం వస్తాను, వచ్చి ఆ జోలె, మెత్తలు, అన్నీ చూసి నేర్చుకుంటాను. మీ అత్తయ్యకు వేరే కారణం ఏదీ చెప్పవద్దు. టికెట్ దొరకలేదనీ చెప్పవద్దు, చెయ్యి నొప్పి అనీ చెప్పవద్దు. అలసిపోయాడని చెప్పు.

మీ మామయ్య